లూప్‌లో నిలిచిన తీగ: మేరీ లాటిమోర్ హార్ప్ సంగీతంలో ఆవృత్తి, ఆంతరంగికత

వ్యాస సంగ్రహం

తీగ వాద్యంపై మీటిన చిన్న స్వరఖండాన్ని యంత్రంలో నమోదు చేసి, అది తిరిగి తిరిగి మోగుతుండగా దానిపై కొత్త పొరలు పేర్చుకుంటూ పోవడం సమకాలీన యాంబియంట్ జానపద సంగీతంలోని ముఖ్యమైన పద్ధతులలో ఒకటి. ఈ పద్ధతిని ఏకాంత వాదనకు అనువుగా మలుచుకున్న కళాకారిణి అమెరికాకు చెందిన మేరీ లాటిమోర్. ఆమె సంగీతాన్ని 'ప్రశాంతం', 'స్వప్నసదృశం' అనే విశేషణాలతో సరిపెట్టడం పరిపాటి. ఆ విశేషణాలు శ్రోతకు కలిగే అనుభూతిని చెబుతాయి గాని, అది ఏ నిర్మాణం వల్ల కలుగుతుందో చెప్పవు. ఆమె సంగీతంలోని ఆంతరంగికతకు మూలం మంద్రస్థాయి ధ్వని కాదని, ఇప్పుడు మీటుతున్న చేతికీ అంతకుముందు మీటిన అదే చేతికీ నడుమ లూప్ కల్పించే సంబంధమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు అలంకారశాస్త్రంలోని పునరుక్తి చర్చను, తెలుగు గేయ సంప్రదాయంలోని పల్లవిని, మకుటాన్ని తులనాత్మకంగా వినియోగించడమైంది.

కీలక పదాలు: ఆవృత్తి, లూప్, హార్ప్, యాంబియంట్ సంగీతం, పునరుక్తి, జానపద గేయకథ, స్మృతి.

1. ఉపోద్ఘాతం

హార్ప్ జాతి వాద్యం తెలుగు నేలకు పూర్తిగా కొత్తది కాదు. అమరావతి శిల్పాలలో విల్లు ఆకారపు వీణలు కనిపిస్తాయి. నిర్మాణరీత్యా అవి హార్ప్ జాతికి చెందినవే. కాలక్రమంలో ఆ వాద్యం ఇక్కడ కనుమరుగైంది. 'వీణ' అనే పేరు మెట్లున్న వాద్యానికి స్థిరపడింది. ఐరోపాలో మాత్రం హార్ప్ పరిణామం చెందుతూ 47 తీగలు, 7 పెడళ్లు గల పెద్ద కచేరీ వాద్యంగా రూపొందింది.

లాటిమోర్ వాయించేది ఈ పెద్ద హార్ప్‌నే. ఆమె తల్లి కూడా హార్ప్ కళాకారిణి. ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో శాస్త్రీయ శిక్షణ పొందిన లాటిమోర్ ఫిలడెల్ఫియా నగరంలో చాలాకాలం ఉండి, తరువాత లాస్ ఏంజెలిస్ చేరారు. 'ద విత్‌డ్రాయింగ్ రూమ్' (2013), 'ఎట్ ద డ్యామ్' (2016), 'హండ్రెడ్స్ ఆఫ్ డేస్' (2018), 'సిల్వర్ లాడర్స్' (2020), 'గుడ్‌బై, హోటల్ ఆర్కడా' (2023) ఆమె ముఖ్యమైన ఆల్బమ్‌లు. వీటిలో ఎక్కువ భాగం మాటలు లేని సంగీతం.

మాటలు లేని సంగీతాన్ని సాహిత్య విమర్శ పరికరాలతో పరిశీలించవచ్చునా అన్న ప్రశ్న సహజం. లాటిమోర్ విషయంలో అందుకు రెండు ఆధారాలున్నాయి. మొదటిది, ఆమె నిర్మాణ సూత్రమైన ఆవృత్తి కావ్యశాస్త్రం తరతరాలుగా చర్చించిన అంశం. రెండవది, ఆమె రచనల శీర్షికలు. ఒక స్థలాన్నో, ఒక మరణవార్తనో, ఒక వీడ్కోలునో పేర్కొనే ఆ శీర్షికలు శ్రోతకు అందే ఏకైక వాచ్యాంశం, మిగిలినదంతా వ్యంగ్యమే.

2. యాంబియంట్ నేపథ్యం: టేపు నుంచి లూప్ యంత్రం దాకా

యాంబియంట్ సంగీతానికి సిద్ధాంతరూపం ఇచ్చిన బ్రిటిష్ స్వరకర్త బ్రయన్ ఈనో, ఆ ఆలోచన తనకు ఎలా కలిగిందో 'డిస్క్రీట్ మ్యూజిక్' (1975) ఆల్బమ్‌తో పాటు అచ్చయిన వ్యాఖ్యలో వివరించాడు. ప్రమాదంలో గాయపడి మంచం పట్టిన అతనికి జూడీ నైలన్ అనే మిత్రురాలు ఒక గ్రామఫోను రికార్డు తెచ్చి ఇచ్చింది. ఆమె వెళ్లాక అతను కష్టపడి ఆ రికార్డు పెట్టి వచ్చి పడుకున్నాడు. శబ్దం మరీ తక్కువగా ఉంది. స్టీరియోలో ఒక వైపు పనిచేయడం లేదు. లేచి సరిచేసే ఓపిక లేదు. సంగీతం వాన చప్పుడులో కలిసిపోయి పరిసరాలలో ఒక భాగంగా వినిపించింది. ఆ రికార్డులో ఉన్నది 18వ శతాబ్దపు హార్ప్ సంగీతం.

ఈ ప్రసంగంలో రెండు విషయాలు గమనార్హం. యాంబియంట్ భావన పుట్టుకలోనే హార్ప్ ఉండటం మొదటిది. ఇది కాకతాళీయం కావచ్చు. రెండవది అంతకంటె ముఖ్యం: ఆ శ్రోతకు శబ్దాన్ని మార్చే శక్తి గాని, ఆపే శక్తి గాని లేదు. తన అదుపులో లేని ధ్వనితో సహజీవనం చేయడం అతనికి అనివార్యమైంది. 1978లో వచ్చిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' నాటికి ఈనో ఈ అనుభవాన్ని సూత్రీకరించాడు. శ్రద్ధగా వినేవారికీ, పట్టించుకోని వారికీ ఆ సంగీతం సమానంగా చోటివ్వాలన్నది దాని సారాంశం.

ఆవృత్తి సాంకేతికత అంతకుముందే సిద్ధమైంది. 1963లో పారిస్‌లో టెరీ రైలీ రెండు టేపు యంత్రాలను జతచేసి, చెట్ బేకర్ బృందం వాయించిన సంగీతాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించే ఏర్పాటు చేశాడు. మొదటి యంత్రంలో నమోదైన ధ్వని టేపు వెంట ప్రయాణించి రెండవ యంత్రం దగ్గర మళ్లీ పలికేది. రాబర్ట్ ఫ్రిప్ గిటారుకు ఈనో ఇదే పద్ధతిని జోడించగా 1973లో 'నో పుసీఫుటింగ్' వెలువడింది. 1999లో లైన్ 6 సంస్థ తెచ్చిన డీఎల్4 అనే చిన్న యంత్రం ఇదంతా ఒక పెట్టెలోకి కుదించింది. దాని లూప్ నిడివి 14 సెకన్లు. వేగాన్ని సగానికి తగ్గిస్తే నిడివి రెట్టింపై, స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. లాటిమోర్ ప్రధానంగా వాడేది ఈ యంత్రాన్నే. రెండు టేపు యంత్రాలు, వాటిని నడిపే స్టూడియో అవసరమైన పని ఒక మనిషి ఒంటరిగా చేసుకోగల పనిగా మారింది. ఈ సంగీతానికి ఏకాంత స్వభావం కొంతవరకు ఇక్కడి నుంచే వచ్చింది.

3. మీటే చేయి, ఆపే చేయి

హార్ప్ తీగకు ఒక ప్రత్యేకత ఉంది. పియానోలో వేలు ఎత్తగానే మెత్త తీగపై పడి నాదాన్ని ఆపుతుంది. హార్ప్‌లో అటువంటి ఏర్పాటు లేదు. మీటిన తీగ తనంత తానుగా సన్నగిల్లే దాకా మోగుతూనే ఉంటుంది. వద్దనుకుంటే వాద్యకారిణి అరచేతితో గాని, వేళ్లతో గాని దాన్ని ఆపాలి. అంటే హార్ప్ వాదనలో చేతికి రెండు విధులు: నాదాన్ని పుట్టించడం, నాదాన్ని అణచడం. శిక్షణలో రెండవదానికీ మొదటిదానితో సమానమైన ప్రాధాన్యం ఉంటుంది.

లూప్ యంత్రం ఈ రెండవ విధిని చేతి నుంచి తీసేసుకుంటుంది. నమోదైన స్వరఖండంపై అరచేయి ఆనించే వీలు లేదు. తీగ కదలికలేకుండా ఉన్నా నాదం వస్తూనే ఉంటుంది. దానిపై కొత్త పొర చేర్చవచ్చు. చేర్చాక ఆ పొరను విడదీయడం కుదరదు. ఒక వేలు కాస్త తడబడినా ఆ తడబాటు కూడా ప్రతి ఆవృత్తిలో తిరిగి వస్తుంది. కళాకారిణికి అప్పుడు మిగిలేవి మూడు మార్గాలు: ఆ ఖండంతో కలిసి నడవడం, దానికి ఎదురు నడవడం, మొత్తాన్ని ఆపేయడం.

తంబురాతో పోల్చినప్పుడు ఈ విశేషం మరింత స్పష్టమవుతుంది. తంబురా తీగలను వరుసగా మీటుతూ పోవడం కూడా ఆవృత్తే. అయితే తంబురా వేసే వ్యక్తి కచేరీ ముగిసేదాకా అక్కడే కూర్చుని మీటుతుంటాడు. ఏ రెండు మీటులూ అచ్చంగా ఒకటి కావు. ఆ స్వల్పభేదంలోనే నాదానికి జీవం ఉంది. ఏకతార మీటుతూ తత్త్వాలు పాడే గాయకునిలో పాట, ఆవృత్తి ఒకే దేహంలో ఒకే క్షణంలో జరుగుతాయి. లాటిమోర్ పద్ధతిలో దేహం ఒకటే, క్షణాలు వేరు. లూప్‌లో వినిపించేది కొద్దిసేపటి కిందటి ఆమె. తీగలపై ఉన్నది ఇప్పటి ఆమె. ఈ ఇద్దరి సంభాషణే రచనకు నిర్మాణం. శ్రోతకు కలిగే సామీప్య భావన దీని ఫలితం. ఒక వ్యక్తి తన గతక్షణంతో ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చునే అవకాశం అతనికి దొరుకుతుంది.

4. పునరుక్తి: దోషమా, అలంకారమా?

చెప్పినదే చెప్పడాన్ని ఆలంకారికులు పునరుక్త దోషంగా పరిగణించారు. అయితే దండి కావ్యాదర్శంలో ఒక మినహాయింపు చూపాడు. జాలి వంటి భావం పొంగిపొరలుతున్నప్పుడు దాన్ని తెలపడానికి చేసిన పునరుక్తి దోషం కాకపోగా అలంకారమే అవుతుందని అతని అభిప్రాయం. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. పునరుక్తి దోషమా గుణమా అన్నది ఆ మాటను బట్టి తేలదు. ఆ మాట వెనుక ఉన్న మనఃస్థితిని బట్టి తేలుతుంది.

తెలుగు గేయ, పద్య సంప్రదాయాలు ఈ మినహాయింపును విస్తృతంగా వినియోగించుకున్నాయి. శతకంలో మకుటం ప్రతి పద్యం చివరా అదే రూపంలో వస్తుంది. మకుటం మారదు, దానికి ముందున్న పద్యభాగం మారుతుంది. అందువల్ల అదే సంబోధన ఒకచోట మొరగా, మరొకచోట నిందగా, ఇంకొకచోట పరిహాసంగా ధ్వనిస్తుంది. కీర్తనలో పల్లవి తీరు వేరు. అక్కడ సంగతులు పెరిగేకొద్దీ పల్లవి తానే మారుతూ వస్తుంది. సాహిత్యం అదే అయినా స్వరగమనం విస్తరిస్తుంది. అంటే ఆవృత్తిలో రెండు రకాలను గుర్తించవచ్చు: తాను మారకుండా పరిసరాన్ని మార్చుకునేది మకుటం, పరిసరం అలాగే ఉండగా తాను మారేది పల్లవి.

లాటిమోర్ లూప్ మొదటి కోవలోనిది. నమోదైన ఖండం మారదు. దానిపై పడే కొత్త స్వరాలు దాని అర్థాన్ని మారుస్తాయి. మొదట రాగచ్ఛాయ మాత్రమే అనిపించిన నాలుగైదు స్వరాలు, కింది స్థాయిలో ఒక మంద్రస్వరం చేరగానే విషాదంగా వినిపిస్తాయి. ఆ మంద్రస్వరం తొలగగానే తేలికపడతాయి. శతక పాఠకుడు మకుటం కోసం ఎదురుచూసినట్లు శ్రోత ఆ ఖండం కోసం ఎదురుచూస్తాడు. అది వచ్చిన ప్రతిసారీ తెలిసినదే వస్తుంది, అయితే వేరే వెలుగులో వస్తుంది. శతక పఠనానుభవం ఉన్న తెలుగు పాఠకునికి ఈ నిర్మాణం కొత్తగా తోచదు.

5. శీర్షికలు, స్థలాలు, స్మృతి

'ఎట్ ద డ్యామ్' ఆల్బమ్‌ను లాటిమోర్ ఒక ఫెలోషిప్ సాయంతో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి ప్రయాణిస్తూ, మజిలీలలో నమోదు చేశారు. దాని శీర్షిక జోన్ డిడియన్ రాసిన ఒక వ్యాసం పేరు. హూవర్ డ్యామ్ గురించిన ఆ వ్యాసం ముగింపులో, మనుషులందరూ వెళ్లిపోయిన లోకంలోనూ విద్యుత్తు పంపుతూ, నీరు వదులుతూ తనంత తానుగా నడిచే యంత్రాన్ని డిడియన్ ఊహించింది. లూప్‌కు ఇంతకంటె సరైన ఉపమానం దొరకడం కష్టం. చేయి తప్పుకున్నాక కూడా మోగే తీగకు, మనిషి లేకపోయినా తిరిగే టర్బైనుకు ఉన్న పోలికను ఆ శీర్షిక సూచిస్తున్నది.

'వీ జస్ట్ ఫౌండ్ అవుట్ షీ డైడ్' అనే రచన 'ట్విన్ పీక్స్' టెలివిజన్ ధారావాహికలో దుంగను మోసుకు తిరిగే స్త్రీ పాత్ర ధరించిన కేథరిన్ కోల్సన్ మరణవార్త నేపథ్యంలో వచ్చినది. ఆమె 2015లో మరణించింది. శీర్షికలోని కాలవాచకాన్ని గమనించాలి. ఆమె మరణించిందని చెప్పి ఊరుకోలేదు. ఆ సంగతి 'ఇప్పుడే తెలిసింది' అంటున్నది. వార్త చెవిన పడిన క్షణం ఒక్కసారే వస్తుంది. దాని తరువాత మనసు చేసే పని ఆ క్షణానికే తిరిగి తిరిగి వెళ్లడం. శోకానికి సహజమైన ఈ పునరావృత్తిని లూప్ వర్ణించదు, అనుసరిస్తుంది. దండి చెప్పిన మినహాయింపు ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

'గుడ్‌బై, హోటల్ ఆర్కడా' క్రొయేషియాలోని హ్వార్ ద్వీపంలో ఉన్న ఒక పాత హోటలుకు వీడ్కోలు. నవీకరణ జరగబోతున్నదని, ఆ తరువాత ఆ పాత స్వరూపం మిగలదని తెలిసి పెట్టిన పేరు అది. ఇందులో మెగ్ బేర్డ్, రేచల్ గాస్వెల్, లోల్ టోల్‌హర్స్ట్, రాయ్ మాంట్‌గోమరీ తదితరులు సహకరించారు. ఇంతమంది ఉన్నా ఆల్బమ్‌లో ఏకాంతం చెదరలేదు. కూలిపోనున్న ఇంటిని చివరిసారి చూడటానికి వచ్చిన బంధువుల వలె వారు ఒక్కొక్కరుగా వచ్చి వెళతారు. ఈ మూడు ఉదాహరణలలోనూ పోయినదాన్ని, పోనున్నదాన్ని కొంతసేపు నిలిపి ఉంచడమే లూప్ చేసే పని. నిలిపి ఉంచడం సాధ్యమేగాని తిరిగి తేవడం సాధ్యం కాదన్న ఎరుక కూడా అందులోనే ఉంది.

6. జానపద గేయకథతో బంధం

ఈ సంగీతాన్ని 'జానపదం' అనడం ఎంతవరకు సమంజసం? సామూహిక కర్తృత్వం, మౌఖిక ప్రసారం అనే లక్షణాలు దీనిలో లేవు. కాబట్టి జానపద విజ్ఞానం నిర్వచించిన అర్థంలో ఇది జానపదం కాదు. జానపదంతో దీనికి ఉన్న బంధం వస్తుగతం కంటె నిర్మాణగతం.

అందుకు మంచి నిదర్శనం మెగ్ బేర్డ్‌తో కలిసి లాటిమోర్ వెలువరించిన 'గోస్ట్ ఫారెస్ట్స్' (2018). అందులో 'ఫెయిర్ ఆనీ' అనే ప్రాచీన గేయకథ ఉంది. ఇది ఫ్రాన్సిస్ చైల్డ్ సంకలనంలో 62వది. భర్తవంటివాడు కొత్త వధువును తెస్తుండగా, ఆనీ ఆ వధువుకే సపర్యలు చేయవలసి వస్తుంది. చివరకు ఆ వధువు తన సొంత చెల్లెలని తేలుతుంది. ఇటువంటి కథలకు ఒకే బాణీ చరణం తరువాత చరణంగా తిరిగి వస్తుంది. కథ మలుపు తిరిగినా బాణీ తిరగదు. సవతి వస్తున్నదన్న మాటకూ, తోబుట్టువని తెలిసిన మాటకూ అదే వరుస. ఆ నిర్వికారత్వమే కథలోని దుఃఖాన్ని భరించదగినదిగా చేస్తుంది. తెలుగు స్త్రీల కథాగేయాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. దంచుతూనో విసురుతూనో పాడిన పాటలో పని లయ కథ కోసం ఆగదు. జానపద గేయంలో చరణపు బాణీ నిర్వహించే పాత్రనే లాటిమోర్ సంగీతంలో లూప్ నిర్వహిస్తున్నది.

7. పరిమితులు

ఈ పద్ధతిలో ప్రమాదాలు లేకపోలేదు. ఒకే వాద్యం, ఒకే యంత్రం, దాదాపు ఒకే వేగం కారణంగా లాటిమోర్ రచనలలో కొన్ని ఒకదాని నుంచి మరొకటి విడివడవు. పది నిమిషాలు దాటిన దీర్ఘరచనలలో కొన్నిచోట్ల పొరలు దట్టమై, తీగ మీటు వినపడకుండా పోతుంది. మీటు వినిపించనప్పుడు ఇప్పటి చేతికీ గతపు చేతికీ తేడా తెలియదు. సంభాషణ ఆగి, ఆహ్లాదకరమైన పొగమంచు మాత్రం మిగులుతుంది. దుఃఖాన్ని పలికించడానికీ దుఃఖానికి మెరుగు పెట్టడానికీ మధ్య గీత సన్ననిది. దాన్ని ఆమె అప్పుడప్పుడు దాటుతారు. 'మ్యూజిక్ ఫర్ అప్లయింగ్ షిమ్మరింగ్ ఐ షాడో' అనే శీర్షికలో ఈనోను గుర్తుచేసే చమత్కారం ఉంది. తన సంగీతం అలంకరణ సామగ్రి అయ్యే అవకాశం ఆమెకు తెలియనిది కాదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం వినియోగ విధానంలో ఉంది. స్ట్రీమింగ్ వేదికలు ఇటువంటి సంగీతాన్ని నిద్రకూ, చదువుకూ, పనికీ తోడుగా జాబితాలు కట్టి అందిస్తున్నాయి. నిద్రపుచ్చే సంగీతం హీనమైనదని చెప్పడానికి వీలులేదు. జోలపాట ఏ జాతి వాఙ్మయంలోనైనా గౌరవనీయమైన ప్రక్రియ. అయితే జోల పాడే తల్లి మేలుకొని ఉంటుంది. బిడ్డ కదలికను బట్టి గొంతు తగ్గిస్తుంది, ఆపుతుంది, మళ్లీ అందుకుంటుంది. జాబితాలోని లూప్‌కు ఆ మెలకువ లేదు.

ఈ సమస్య తెలుగువారికి దూరమైనది కాదు. నేడు సంగీత విద్యార్థులలో చాలామంది ఎలక్ట్రానిక్ తంబురా ముందో, మొబైల్ ఫోనులోని తంబురా ముందో సాధన చేస్తున్నారు. అది కూడా తీగనాదపు ఆవృత్తే. శ్రుతి తప్పదు, అలసిపోదు. అయితే వెనుక కూర్చుని వింటూ మీటే మనిషి అక్కడ లేడు. ఆ లేమి సాధకుని పాటలో ఏ మార్పు తెస్తున్నదో పరిశీలించవలసి ఉంది. యంత్రం చేసే ఆవృత్తి ఎదుట నిలబడి దానికి బదులు పలికే చేయి ఒకటి ఉండాలని లాటిమోర్ ఉత్తమ రచనలు గుర్తుచేస్తాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. హార్ప్ వాదనలో నాదాన్ని ఆపే విధిని లూప్ యంత్రం చేతి నుంచి తొలగిస్తుంది. దానివల్ల కళాకారిణి తన గతక్షణంతో కలిసి వాయించవలసి వస్తుంది. ఆంతరంగికతకు మూలం ఇదే.

2. లాటిమోర్ ఆవృత్తి సంగతులతో మారే పల్లవి కంటె, మారకుండా నిలిచి పద్యార్థాన్ని వెలిగించే మకుటానికి దగ్గర.

3. శీర్షికలు సూచించే వియోగం, వీడ్కోలు ఆమె పునరుక్తికి సమర్థన. భావోద్రేకం వెనుక ఉన్నచోట పునరుక్తి అలంకారమవుతుందన్న దండి మాట ఆ రచనలకు అన్వయిస్తుంది; అది లేనిచోట అదే పద్ధతి దోషంగా పరిణమిస్తుంది.

4. జానపద గేయకథతో ఈ సంగీతానికి ఉన్న బంధం నిర్మాణగతమైనది. మారే కథకు మారని బాణీ ఎంత అవసరమో, మారే మనసుకు మారని లూప్ అంత అవసరం.

5. 'ప్రశాంతం' అన్న విశేషణం విమర్శకు చాలదు. మీటు వినిపిస్తున్నదా, లేదా అన్నదే ఈ రచనల గుణదోష విచారణకు సరైన ప్రమాణం.

మంచం మీద ఈనో విన్న హార్ప్ సంగీతాన్ని ఆపడానికి ఆ గదిలో ఎవరూ లేకపోయారు. లాటిమోర్ తన హార్ప్ పక్కనే ఉండి, ఆపగలిగి కూడా కొంతసేపు ఆపకుండా ఉంటారు. ఆ కొంతసేపటిలోనే ఆమె సంగీతమంతా ఉంది.